ఎస్‌ఆర్‌టీ రివ్యూ: ప్యాకెట్లు పోతున్న లైన్‌లో లైవ్ వీడియో నిలబడుతుందా?

నిలబడుతుంది. కాకపోతే లేటెన్సీని, అంటే వీడియోని చూపించేముందు ఆపి ఉంచే ఆలస్యాన్ని, మీ లైన్‌కి తగ్గట్టు పెట్టుకోవాలి. డీఫాల్ట్‌గా వచ్చే 120 మిల్లీసెకన్లు దగ్గరి లింకులకే సరిపోతాయి.

హైవిజన్ సంస్థ తయారుచేసి 2017లో ఓపెన్ సోర్స్ చేసిన, ఇంటర్నెట్‌లో లైవ్ వీడియో పంపే ప్రోటోకాల్ (పద్ధతి) ఇది. ఓబీఎస్ స్టూడియో, వీఎల్‌సీ, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వంటి వీడియో సాఫ్ట్‌వేర్‌లలో వాడుకోవచ్చు. డబ్బు కట్టే పనిలేదు.

ముందు నష్టం లెక్క చూద్దాం. వీడియో ప్యాకెట్లనే చిన్న మూటలుగా వెళ్తుంది. మామూలుగా ఒక్కో ప్యాకెట్‌లో 1316 బైట్లు పడతాయి, అంటే 188 బైట్ల ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ (వీడియోని మోసే ఫార్మాట్) ముక్కలు ఏడు. 5 ఎంబీపీఎస్ స్ట్రీమ్‌కి సెకనుకు దాదాపు 475 ప్యాకెట్లు వెళ్తాయి. ఒక్క శాతం పోతే సెకనుకు నాలుగైదు. వినడానికి చిన్న సంఖ్యే! కానీ ఎక్కువ ఫ్రేములు తమ ముందున్న ఫ్రేముల్ని ఆధారం చేసుకునే తయారవుతాయి కాబట్టి, ఒకచోట చెడిన బొమ్మ తర్వాతి కీఫ్రేమ్ (వేరే ఫ్రేమ్ మీద ఆధారపడని పూర్తి బొమ్మ) దాకా బాగుపడదు. కీఫ్రేమ్ 2 సెకన్లకోసారి వస్తుంటే ఈలోపు తొమ్మిది పది దెబ్బలు తగులుతాయి. ముఖాలు గళ్లుగళ్లుగా చెదురుతాయి, కదిలే వస్తువు వెనక మరక సాగుతుంది. పోయినవాటిని మళ్లీ పంపని వట్టి యూడీపీలో కనిపించేది ఇదే. లైవ్‌కి వాడే మరో ప్రోటోకాల్ ఆర్‌టీఎంపీ, పోయినవాటిని మళ్లీ పంపే టీసీపీ మీద నడుస్తుంది కనుక గళ్లు రావు, కానీ పోయిన ప్యాకెట్ మళ్లీ వచ్చేదాకా దాని వెనకవన్నీ ఆగిపోతాయి.

ఎస్‌ఆర్‌టీలో వరసలో ఖాళీ కనబడగానే అందుకునే వైపు (రిసీవర్) ఫలానా నంబరు రాలేదని కబురు పంపుతుంది, ఆ ఒక్కటే మళ్లీ వస్తుంది. ఈ రాకపోకకి ఒక ఆర్‌టీటీ (అవతలికి వెళ్లి తిరిగొచ్చే సమయం) పడుతుంది. లేటెన్సీ అంటే ఇందుకు మనమిచ్చే గడువు. అది దాటితే ఆ ప్యాకెట్‌ని వదిలేసి బొమ్మ ముందుకెళ్తుంది.

అందుకే ఆర్‌టీటీకి నాలుగు రెట్లు పెట్టమంటాం. 80 మిల్లీసెకన్ల ఆర్‌టీటీ ఉంటే 320. పై స్ట్రీమ్‌లోనే 2 శాతం నష్టం ఉందనుకోండి. ఒక్కసారే మళ్లీ పంపే వ్యవధి ఉంటే 0.04 శాతం మిగిలిపోతుంది, అంటే దాదాపు ఐదు సెకన్లకో మచ్చ. రెండుసార్లకి వ్యవధి ఇస్తే నాలుగు నిమిషాల పైన ఒకటి. మూడుసార్లకి ఇస్తే మూడున్నర గంటలకొకటి. ఇది ప్యాకెట్లు విడివిడిగా పోయినప్పటి లెక్క. వైఫైలోనూ మొబైల్ డేటాలోనూ గుంపుగా పోతాయి కాబట్టి అక్కడ ఇంకా పెంచాలి.

ఓబీఎస్‌లో ఒక చిక్కుంది. సర్వర్ చిరునామా చివర రాసే లేటెన్సీని అది మైక్రోసెకన్లలో తీసుకుంటుంది. 320 మిల్లీసెకన్లకి 320000 అని రాయాలి. 320 అని రాసినా ఎర్రర్ రాదు, స్ట్రీమ్ నడుస్తుంది. రెండు వైపుల విలువల్లో పెద్దదే అమలవుతుంది కనుక అవతలి వైపు డీఫాల్ట్‌గా ఉన్న 120 మిల్లీసెకన్లతో పని సాగుతుంది, లైన్ పాడైనప్పుడు గళ్లు మొదలవుతాయి. ఎక్కువమంది ప్రోటోకాల్‌ని తిట్టుకునేది ఇక్కడే, తప్పేమో యూనిట్‌ది.

రిసీవర్ గణాంకాల్లో లాస్, డ్రాప్ వేర్వేరు అంకెలు. లాస్ పెరుగుతున్నా డ్రాప్ సున్నా ఉంటే పోయినవన్నీ గడువులోగా తిరిగొచ్చినట్టే, కంగారు అక్కర్లేదు. తెరమీద కనబడేది డ్రాపే. అది కదిలితే లేటెన్సీ పెంచండి.

పెంచినా ఆగకపోతే అప్‌లోడ్ నిండిపోయిందేమో చూడండి. మళ్లీ పంపేవాటి కోసం బిట్‌రేట్‌లో (వీడియోకి సెకనుకు పట్టే డేటాలో) పావు వంతు అదనంగా ఖాళీ ఉంచాలి. 6 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌లో 5 ఎంబీపీఎస్ వీడియో పెడితే ఆ చోటు లేదు. మళ్లీ పంపేకొద్దీ లైన్ మరింత బిగుస్తుంది. వీడియోని కుదించే ఎన్‌కోడర్ బిట్‌రేట్‌ని ఎస్‌ఆర్‌టీ తనంతట తాను తగ్గించదు, ఆ లోటు మాత్రం నిజంగా ఇబ్బందే. అలాంటి లైన్‌లో 4 ఎంబీపీఎస్‌కి దిగితే బొమ్మ కాస్త మెత్తబడుతుంది గానీ చెదరదు.