జపాన్ వీధి బండి మీద చిలగడదుంప: కొన్ని చలికాలాలు తిన్నాక నా మాట

జపాన్‌కి వచ్చే మనవాళ్లు, అందులోనూ శాకాహారులు, నన్ను తరచూ అడిగే మాట ఒకటుంది: "వీధిలో తినడానికి మాకేమైనా దొరుకుతుందా?" తకోయాకి అనే పిండి ఉండల్లో ఆక్టోపస్ ముక్క ఉంటుంది. అది వద్దన్నా, పిండి కలిపేదే చేపల రసంతో. ఒకోనోమియాకి అనే మందపాటి అట్టు మీద ఎండు చేప పొరలు చల్లుతారు. మాంసం, ఎముకల రసంలో వేసిచ్చే నూడుల్స్, రామెన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. నేను ఏ సందేహం లేకుండా చూపించేది యాకిఇమో బండినే. కాల్చిన చిలగడదుంప. కందగడ్డ అనండి, గెణుసుగడ్డ అనండి, అదే. నూనె లేదు, ఉప్పు లేదు, ఏ రసమూ లేదు. దుంప, గులకరాళ్లు, మంట, అంతే.

నేనుండేది టోక్యో తూర్పు వైపున్న నిషి కసాయిలో. మన దేశపు ఐటీ కుటుంబాలు ఎక్కువగా ఉండే పేట ఇది, తెలుగువాళ్లమూ బాగానే ఉన్నాం. ఇక్కడికొచ్చినప్పటి నుంచి ప్రతి చలికాలం ఈ బండి దగ్గర కొంటున్నాను. సూపర్‌మార్కెట్‌లో కొన్నదానితోనూ, ఇంట్లో నేను కాల్చుకున్నదానితోనూ పక్కపక్కన పెట్టి తిని చూశాను. ముందే చెప్పేస్తాను: మంచి రోజున బండి మీది దుంపకు సాటి వచ్చేది ఏదీ లేదు. కానీ ప్రతి రోజూ మంచి రోజు కాదు, ధర కూడా తక్కువేం కాదు.

బండి అంటే తోపుడుబండి అనుకోకండి. పాత రోజుల్లో అలాగే ఉండేదట, ఇప్పుడు ఎక్కువగా కనిపించేది 660 సీసీ ఇంజిన్ ఉన్న చిన్న ట్రక్కు. జపాన్‌లో వీటిని కెయి ట్రక్కులంటారు, సన్న సందుల్లో కూడా దూరిపోతాయి. వెనక ఇనుప పెట్టె, దాని నిండా నల్లటి చిన్న గులకరాళ్లు, కింద కట్టెల మంట, పక్కన పొగగొట్టం. ఒక ఎర్ర లాంతరు. మైకులో "ఇషీ యాకీ ఇమో..." అని సాగదీసి పాడే రికార్డు. సాయంత్రం చీకటి పడ్డాక ఆ పాట దూరం నుంచి వినిపిస్తే మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలు బాల్కనీల్లోకి పరుగెత్తుతారు. బండి ఆగదు, మెల్లగా కదులుతూనే ఉంటుంది. అందుకని కోటు వేసుకుని, డబ్బులు తీసుకుని, లిఫ్ట్ దిగేలోపు అది మలుపు తిరిగిపోయే అవకాశమే ఎక్కువ. పాట వినగానే ఇంట్లో ఒకరు బాల్కనీలోంచి చెయ్యి ఊపుతూ ఉండాలి, ఇంకొకరు కిందికి పరుగెత్తాలి. మా ఇంట్లో ఇప్పుడు ఇదే పద్ధతి.

మా వీధికి వచ్చే పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. తెల్ల నూలు గ్లౌజులు రెండు జతలు ఒకదానిమీద ఒకటి వేసుకుంటారు. చెక్క మూత ఎత్తగానే ముందు ఆవిరి ముఖానికి కొడుతుంది, ఆ వెనకే కట్టెల పొగ, మాడిన తీపి వాసన. ఆయన దుంపలను కళ్లతో చూసి ఎంచరు. ఒక్కోదాన్నీ బొటనవేలితో మధ్యలో నొక్కి చూస్తారు. వేలు కొంచెం దిగితే పక్కన పెడతారు, దిగకపోతే మళ్లీ రాళ్లలోకి తోసేస్తారు. "ఇది ఇంకో ఇరవై నిమిషాలు" అని చెప్పి ఇవ్వకుండా పంపేసిన రోజులూ ఉన్నాయి. అమ్ముడుపోతే చాలనుకునే మనిషైతే అలా చెయ్యరు. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది ఆ ఒక్క పనితోనే.

తరవాత ఒక ప్రశ్న అడుగుతారు: జిగటగా ఉండేదా, పొడిపొడిగా ఉండేదా? ఇది తెలుసుకుని వెళ్లడం చాలా అవసరం. పొడిపొడిగా ఉండే రకం బెని అజుమా, టోక్యో చుట్టుపక్కల వాళ్లు చిన్నప్పటి నుంచి ఎరిగిన రుచి. మన ఊళ్లో ఉడకబెట్టిన చిలగడదుంప తిన్నవాళ్లకు ఇదే దగ్గరగా అనిపిస్తుంది, గొంతులో కొంచెం అడ్డం పడుతుంది, టీ కావాలి. జిగట రకం బెని హరుకా. 2010లో కొత్త రకంగా నమోదైంది, ఇవాళ ఎక్కడ చూసినా అదే. విరిస్తే లోపల ముదురు పసుపు, బొబ్బట్టులో పూర్ణంలా మెత్తగా సాగుతుంది. తొక్క చివర్లలో తేనె రంగు పాకం కారి గట్టిపడి ఉంటుంది. ఆ చివరి ముక్క ఎవరికీ ఇవ్వను. తనెగషిమా దీవి నుంచి వచ్చే అన్నో ఇమో ఇంకా జిగట, కానీ బండి మీద అరుదు, ధరా ఎక్కువ. నా ఓటు బెని హరుకాకే, అదీ జనవరి, ఫిబ్రవరిల్లో.

ఆ నెలలే ఎందుకంటే, దుంపలను శరదృతువులో తవ్వుతారు. తవ్విన వెంటనే కాలిస్తే అంత తీపి ఉండదు. కొన్ని వారాలు, నెలలు చలి మరీ తగలని చోట నిల్వ ఉంచితే లోపలి పిండి పదార్థం కొంత చక్కెరగా మారుతుంది. అక్టోబర్‌లో పాట వినగానే ఉత్సాహంగా కొంటాం గానీ, అదే డబ్బుకు జనవరిలో వచ్చే రుచి వేరు. మొదటిసారి తినేవాళ్లు అక్టోబర్‌లో తిని ఒక అభిప్రాయానికి రావద్దు.

అసలు కిటుకు మంటలో ఉంది. చిలగడదుంపలో బీటా అమైలేజ్ అనే ఎంజైము ఉంటుంది. దుంప లోపలి వేడి సుమారు 65 నుంచి 75 డిగ్రీల మధ్య ఉన్నంతసేపూ అది పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా విడగొడుతుంది. వేడి ఇంకా పెరిగితే ఎంజైము పని ఆగిపోతుంది. కాబట్టి దుంప ఆ వేడిలో ఎంత ఎక్కువసేపు ఉంటే అంత తీపి. గులకరాళ్లు మంటను దుంపకు నేరుగా తగలనివ్వవు, వేడిని పట్టి ఉంచి మెల్లమెల్లగా వదులుతాయి. గంట, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. ఈలోగా నీరు కూడా కొంత ఆవిరైపోయి తీపి చిక్కబడుతుంది.

ఇది పుస్తకంలో చదివి వదిలెయ్యలేదు. ఒకే సంచిలోని బెని హరుకా దుంపలను మైక్రోవేవ్‌లో, ప్రెషర్ కుక్కర్‌లో, ఓవెన్‌లో వండి చూశాను. మైక్రోవేవ్‌ది పది నిమిషాల్లోపే మెత్తబడింది, కానీ తింటే అదే రకమని నమ్మలేం, చప్పగా ఉంది. కుక్కర్‌ది నయం, కాకపోతే నీరు పట్టి రుచి పలచబడింది. ఓవెన్‌లో 160 డిగ్రీల్లో గంటన్నర ఉంచినది బండి రుచికి చాలా దగ్గరగా వచ్చింది. ఇండియాలో ఓవెన్ ఉన్నవాళ్లు మన దుంపతో కూడా ఇలా చేసి చూడండి, నూనె రాయకుండా, రేకు చుట్టకుండా. మన రకాలకు అంత జిగట రాదు గానీ, ఉడకబెట్టినదానికంటే ఎంతో తీపిగా ఉంటాయి.

ఇక ఫిర్యాదులు. మొదటిది ధర. చాలా బండ్ల మీద ధర రాసి ఉండదు, లేదా వంద గ్రాములకు ఇంత అని చిన్న అట్టముక్క మీద ఉంటుంది. పెద్ద దుంప ఒకటి 800 యెన్లు, కొన్నిసార్లు వెయ్యి కూడా అవుతుంది. మన డబ్బుల్లో నాలుగైదు వందల పైమాటే. ఒక దుంపకి! టోక్యో నడిబొడ్డులో, ఆఫీసుల దగ్గర ఆగే ఒక బండి మీద తూకం వేసి కాగితంలో చుట్టి చేతికిచ్చాక ధర చెప్పారు, మా వీధిలో ఇచ్చేదానికి దాదాపు రెట్టింపు. అలాంటిచోట వెనక్కి ఇవ్వడం ఎంత ఇబ్బందో అందరికీ తెలుసు. అందుకని చుట్టకముందే "ఇకురా దెస్ కా?" అని అడగండి, అంటే ఎంత అని. చిన్నది కావాలంటే "చీసాయి నో" అంటే చాలు. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

రెండోది, నిలకడ లేదు. చీకటి పడిన కొత్తలో వచ్చే బండిలో దుంప సరిగ్గా ఉంటుంది. రాత్రి బాగా పొద్దుపోయాక మిగిలినవి రాళ్ల మీదే ఉండి ఎండిపోతాయి, తొక్క కింద దళసరిగా పెచ్చు కడుతుంది. ఏ రకమో చెప్పలేని అమ్మకందారులూ ఉన్నారు. అదే సూపర్‌మార్కెట్‌లో అయితే గుమ్మం దగ్గరే ఎలక్ట్రిక్ పొయ్యి, అందులో బెని హరుకా, 200 నుంచి 300 యెన్లు, ఎప్పుడెళ్లినా ఒకే రుచి. మామూలు రోజుల్లో నేనూ అక్కడే కొంటాను. తీపిలో అది ఏమీ తీసిపోదు. లేనిదల్లా పొగ. కట్టెల పొగ తొక్కకు పట్టి, తొక్కతో సహా కొరికినప్పుడు చిరుచేదు తగిలి, వెంటనే లోపలి తీపి వస్తుంది చూడండి, అది పొయ్యి దుంపలో రాదు. అక్కడ నేను తొక్క తీసేస్తాను, బండిదైతే ఒక్క ముక్క కూడా వదలను. గ్యాస్ మంట వాడే బండ్లు కూడా ఉన్నాయి, వాటికి ఆ ఎక్కువ ధర ఇవ్వడం నాకు సమ్మతం కాదు. పొగగొట్టం, కట్టెల కట్ట కనిపిస్తేనే కొనండి.

ఇంత ఖరీదు పలుకుతున్న ఈ దుంప ఒకప్పుడు కరువు కూడు. 1605లో చైనా నుంచి ఒకినావా దీవులకు, అక్కడి నుంచి జపాన్ ప్రధాన దీవుల దక్షిణ కొసన ఉన్న కగోషిమా ప్రాంతానికి చేరింది. 1732లో పెద్ద కరువు వచ్చి పడమటి జపాన్ అల్లాడిపోయినప్పుడు, ఈ దుంప పండించే చోట్ల జనం నిలదొక్కుకున్నారు. ఆ తర్వాత అఒకి కొన్యో అనే పండితుడు 1735లో ఇప్పటి టోక్యోలో దీన్ని పండించి చూపించాడు. ఆయన సమాధి టోక్యోలోనే మెగురో పేటలో ఉన్న ర్యూసెంజి గుడి దగ్గర ఉంది, ఇప్పటికీ ఆయనను చిలగడదుంప గురువుగారు అనే పిలుస్తారు. ఒక పంటను జనానికి అలవాటు చేసినందుకు మనిషిని మూడు వందల ఏళ్ల దగ్గర దగ్గరగా తలుచుకోవడం నాకు చాలా నచ్చింది, పనిగట్టుకుని వెళ్లి దండం పెట్టుకుని వచ్చాను. టోక్యోకి దగ్గర్లోని కవగోయె ఊరి పక్కన సన్‌తోమె పొలాల్లో అయితే చలికాలం అడవిలో రాలిన ఆకులు ఊడ్చి తెచ్చి, ఎరువు చేసి, చిలగడదుంప పండిస్తారు. దుంప రాకముందు నుంచే, మూడు శతాబ్దాలకు పైగా అక్కడ ఆకు ఎరువు పద్ధతి ఉంది. 2023లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వాల జాబితాలో చేర్చింది.

మా పక్క ఫ్లాట్‌లో ఉండే పెద్దావిడ మాత్రం ముట్టరు. ఒకసారి వేడివేడిగా సగం విరిచి ఇవ్వబోతే నవ్వుతూ వద్దన్నారు. యుద్ధం అయిపోయిన కొత్తలో బియ్యం లేక మూడు పూటలా ఇదే తిన్నారట. "మా వయసు వాళ్లలో చాలామంది ఇంతే. నువ్వు తిను, ఇప్పటి దుంపలు బాగుంటాయని విన్నాను" అన్నారు.

అమ్మ ఊరి నుంచి వచ్చింది శివరాత్రికి ముందు. మా వరంగల్ వైపు ఆ రోజు ఉపవాసం ఉన్నవాళ్లకు కందగడ్డే ఫలహారం. చేపల రసం భయంతో బయట మంచినీళ్లు తాగడానికి కూడా ఆలోచించే మనిషి, బండి దగ్గరికి నాతో పాటు దిగి, ఆ పెద్దాయనతో నిక్షేపంగా తెలుగులోనే, "కొంచెం మంచిది చూసియ్యే అన్నా, ఉపాసముంటున్న" అంది. ఆయనకు ఏం అర్థమైందో ఏమో, రెండు మూడు నొక్కి చూసి ఒకటి ఎంచి, పక్కన ఇంకో చిన్నది ఊరికే పెట్టారు. అమ్మ తిని, "ఏం కలిపిండ్రు బిడ్డా ఇంత తీపున్నది? బెల్లమా?" అని అడిగింది. ఏమీ కలపలేదంటే చాలాసేపు నమ్మలేదు. ఇక్కడున్న తెలుగువాళ్లకు నేను చెప్పేది కూడా ఇదే: శివరాత్రికి దుకాణాలు వెతుక్కోవద్దు, ఆ రోజుల్లో బండి ఇంకా తిరుగుతూనే ఉంటుంది.

ఒక జాగ్రత్త. షుగర్ ఉన్నవాళ్లు దుంపే కదా, కూరగాయే కదా అని మొత్తం తినెయ్యకండి. పెద్దది ఒకటి తింటే వంద గ్రాములకు పైనే పిండి పదార్థం లోపలికి వెళ్తుంది. మా నాన్నకు నేను నాలుగో వంతు మాత్రమే ఇస్తాను.

మిగిలితే పారెయ్యకండి. తొక్కతోనే చుట్టి ఫ్రీజర్‌లో పెట్టి, మర్నాడు సగం కరిగాక చెంచాతో తింటే ఐస్‌క్రీమ్ అక్కర్లేదు. ఇంకా బాగుండేది పూర్ణం. గుజ్జు తీసి, మూకుడులో కాస్త నెయ్యి వేసి, చెమ్మ పోయేదాకా తిప్పి, యాలకుల పొడి కలిపితే చాలు. బెల్లం వెయ్యకుండానే బొబ్బట్లు వస్తాయి. దీనికి మాత్రం సూపర్‌మార్కెట్ దుంప వాడండి, బండిది ఇందులో వేస్తే పొగ వాసన నెయ్యిని మింగేస్తుంది. మార్చి చివరికి మా వీధిలో పాట ఆగిపోతుంది, మళ్లీ అక్టోబర్ దాకా రాదు. కాబట్టి రావాలనుకుంటున్నవాళ్లు చెర్రీ పూలకోసం ఏప్రిల్‌కి టికెట్ తీసుకునేముందు ఈ సంగతి కూడా ఒకసారి ఆలోచించుకోండి.