సాగర్ రోడ్డు వానలకు నిలిచిన మడ్‌గార్డులు

వానలో సైకిల్ మీద దూరం తొక్కాలనుకుంటే, ఖరీదైన రెయిన్‌కోటుకు పెట్టే డబ్బు ముందు మడ్‌గార్డులకు పెట్టండి. కొన్ని వానాకాలాలుగా నల్లగొండ నుంచి హాలియా మీదుగా నాగార్జునసాగర్‌కు, 60 కిలోమీటర్ల పైచిలుకు, ఇదే జతతో వెళ్లివస్తున్నాను. పైనుంచి పడే నీటితో పేచీ లేదు. ఒంటిని, చైనును పాడుచేసేది చక్రం చిమ్మే నీరు.

నావి చక్రాన్ని సగం దాకా చుట్టే పొడవాటి ప్లాస్టిక్ మడ్‌గార్డులు. సీటు కింద బిగించే పొట్టి రకం నడుమును కాపాడుతుందేమో గానీ పాదాలకు అక్కరకు రాదు. ఆ మాటకొస్తే పొడవాటివి కూడా ముందు చక్రం దగ్గర కాస్త కురచే. మా మరిది పాత ట్యూబు ముక్క కోసి, నేలకు నాలుగు వేళ్ల ఎత్తు దాకా వేలాడేలా బిగించాడు. బూట్లలోకి నీళ్లు రావడం అప్పుడు తగ్గింది. ఆ ముక్కేదో తయారుచేసినవాళ్లే ఇవ్వొచ్చు కదా!

అసలు ఇబ్బంది బురదతో. హాలియా పరిసరాలు సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. నాట్ల రోజుల్లో దమ్ము చేసిన ట్రాక్టర్లు రోడ్డెక్కితే దారి పొడవునా మట్టి పెళ్లలే. అవి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య చిక్కుకుంటే దిగి పుల్లతో గోకాల్సిందే. వేలు దూరేంత సందు ఉండాలి. మీ టైర్లు లావువైతే ఈ జత కొనకండి.

పోంచో, అంటే ఒంటి మీద కప్పుకునే చేతుల్లేని రెయిన్‌కోటు, చవకది. హ్యాండిల్ మీదుగా కప్పుకుంటే చేతులూ తడవవు, కానీ పక్కగాలికి ఎగిరి మొహాన పడేది. "ఇంత వానలో వెళ్లకపోతే ఏమవుతుందమ్మా?" అంటూనే అత్తమ్మ లోపలివైపు పాత చీర అంచుతో రెండు ఉచ్చులు కుట్టారు. బొటనవేళ్లకు తగిలించుకుంటే ఇక లేవదు. లోపల చెమట మాత్రం తప్పదు.

బ్రేకులు రిమ్మును పట్టే రకం. తడిలో మొదట నీళ్లు తుడుచుకుపోవాలి, ఆ తర్వాతే పట్టు. అందుకే వాలుకు ముందే మెల్లగా తాకిస్తూ వెళ్తాను. రబ్బరులో దిగిన ఇసుకను పిన్నుతో తీయకపోతే రిమ్ము అరిగిపోతుంది.

ఇదంతా బ్రెవె కోసం, అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం కోసం సాధన. 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో తొక్కాలి, బయటివారి సాయం కంట్రోల్ పాయింట్ల (దారిలో హాజరు నమోదయ్యే చోట్ల) దగ్గరే తీసుకోవాలి. ఆ లెక్కనే మా వారు బైకు మీద హాలియా వెళ్లి, పొడి సాక్సులు, ఫ్లాస్కులో టీతో ఎదురుచూస్తారు. వెనకాలే వస్తానంటే నేను ఒప్పుకోను. "పెళ్లాం తడుస్తుంటే కూడా రూలేనా?" అని ఆయన గొణుగుడు. టీ తాగేలోపు మడ్‌గార్డు కడ్డీల స్క్రూలు బిగించేస్తారు. కుదుపులకు అవి వదులవుతూనే ఉంటాయి. ఈ జత కొంటే నాలుగు స్క్రూలు అదనంగా కొనిపెట్టుకోండి, ఏ సైకిల్ షాపులోనైనా దొరుకుతాయి.