35 అంగుళాల టైర్లకు 4.88 గేర్లు: జీప్ రాంగ్లర్‌పై దీర్ఘకాల అనుభవం

కొలరాడోలో నేను నడుపుతున్న 2014 రాంగ్లర్ రూబికాన్ కంపెనీ నుంచి ఐదు గేర్ల ఆటోమేటిక్‌తో, 3.73 డిఫరెన్షియల్ గేర్లతో (ఇరుసులోకి వచ్చే షాఫ్టు 3.73 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది), సుమారు 32 అంగుళాల టైర్లతో వచ్చింది. వాటిని తీసి 35 అంగుళాల టైర్లు వేయిస్తే చక్రం ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం దొర్లుతుంది కనుక, ఆ 3.73 కాస్తా 3.41తో సమానమైపోయింది. డెన్వర్ నుంచి ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ సొరంగానికి ఎక్కేటప్పుడు ఈ తేడా బాగా తెలిసివచ్చేది. పదకొండు వేల అడుగుల ఎత్తున గాలి పలచబడి, టర్బో లేని 3.6 లీటర్ల ఇంజన్ ఎలాగూ నీరసిస్తుంది. దానికి గేర్ల సాయం కూడా తగ్గేసరికి బండి పై గేరులో నిలవలేక కిందికి దిగడం, మళ్ళీ పైకి ఎక్కడం ఘాటు పొడవునా సాగేది.

పాత స్థితి రావడానికి లెక్క ప్రకారం 4.10 చాలు. అయితే పెద్ద టైర్ల బరువునూ, ఎత్తు పెంచిన బండికి ఎదురయ్యే గాలినీ ఆ లెక్క పట్టించుకోదు. అందుకే ముందు, వెనుక ఇరుసులు రెండింటికీ 4.88 వేయించాను. రెండింటిలో ఒకే నిష్పత్తి ఉండి తీరాలి. లేకపోతే ఫోర్ వీల్ డ్రైవ్ వేయగానే, రెండు ఇరుసులకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ దెబ్బతింటుంది. గంటకు 65 మైళ్ళ వేగంలో టాప్ గేరులో ఇంజన్ కంపెనీ టైర్లతో నిమిషానికి దాదాపు 2,110 చుట్లు తిరిగేది, పెద్ద టైర్లతో అది 1,930కి పడిపోయింది, ఇప్పుడు 2,530 దగ్గర ఉంటోంది. ఘాటు రోడ్డుపై గేర్ల ఊగిసలాట చాలావరకు తగ్గింది. యూటా రాష్ట్రంలోని మోయాబ్ రాళ్ళ మీద లాభం ఇంకా ఎక్కువ: లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే అమరిక) మొదటి గేరులో మొత్తం నిష్పత్తి దాదాపు 54 నుంచి 70కి పెరగడంతో, నిటారు దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టే అవసరం బాగా తగ్గింది.

ఈ పనిలో గేర్ల నిష్పత్తి కంటే బిగింపే ముఖ్యమని నా అభిప్రాయం. పాత పినియన్‌కు (ఇరుసులోని చిన్న గేరుకు) 11 పళ్ళు, అది తిప్పే పెద్ద గేరైన క్రౌన్ వీల్‌కు 41. కొత్త జతలో అవి 8, 39. పినియన్ చిన్నదైపోతుంది కాబట్టి పళ్ళు సరిగ్గా కలవకపోతే దాని మన్నిక మరీ తగ్గుతుంది. పినియన్ లోతును షిమ్‌లతో (పలచటి లోహపు బిళ్ళలతో) సరిచేసి, బేరింగుల బిగువు కొలిచి, పళ్ళ మధ్య సందు అంగుళంలో వెయ్యింట ఆరు నుంచి పది వంతులలోపు ఉండేలా చూసి, చివరికి పసుపు రంగు పేస్టు రాసి పళ్ళు ఆనుతున్న చోటు పరీక్షించాలి. నా బండిలో మొదటి బిగింపు తరువాత, యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా వెనుక నుంచి సన్నటి ఊళ వినిపించింది. షాపువాళ్ళు మూత విప్పి పేస్టు రాసి చూస్తే ముద్ర పంటి మొదలుకు దగ్గరగా పడింది. అంటే పినియన్ లోపలికి ఎక్కువగా చొచ్చుకుపోయింది. పలచటి షిమ్ వేసి, సందు మళ్ళీ సరిచేశాక ముద్ర పంటి మధ్యకు వచ్చింది, ఊళ ఆగిపోయింది. పళ్ళ రెండు వైపుల ముద్రల ఫోటోలూ షాపు నుంచి తప్పక అడిగి తీసుకోండి. పాత బేరింగులనే మళ్ళీ వాడతామంటే ఒప్పుకోకండి.

మొదటి ప్రయాణం ఇరవై మైళ్ళలోపే ఆపి, ఇరుసులు పూర్తిగా చల్లారనిచ్చాను. మొదటి 500 మైళ్ళు ట్రైలర్ లాగకుండా, వేగం అదుపులో ఉంచి నడిపి, తరువాత గేర్ ఆయిల్ మార్పించాను. అప్పుడు ఇరుసులో ఉండే అయస్కాంతానికి బూడిద రంగు మెత్తటి ముద్ద అంటుకుని కనిపించడం మామూలే. చేతికి గుచ్చుకునే లోహపు ముక్కలు కనిపిస్తే మాత్రం మళ్ళీ విప్పించాల్సిందే. టైరు ఎత్తునూ కొత్త నిష్పత్తినీ బండి కంప్యూటర్‌కు తెలపకపోతే స్పీడోమీటర్ తప్పు చూపడమే కాక, గేర్లు కూడా వేళకాని వేళ మారతాయి.

కొన్నేళ్ళుగా ఇలాగే నడుపుతున్నాను. ఆయిల్ మార్చినప్పుడు చూస్తే పళ్ళు శుభ్రంగా ఉన్నాయి, పినియన్ సీల్ కారలేదు. పెట్రోలు కొండల్లో కొంచెం కలిసివస్తోంది, చదును ఫ్రీవేపై కొంచెం ఎక్కువ ఖర్చవుతోంది. నా ఫిర్యాదు ఒక్కటే: తూర్పున కాన్సాస్ మైదానాల్లో 75 మైళ్ళ వేగంతో పోతుంటే ఇంజన్ 2,900 చుట్లు దాటుతుంది, ఆ మోత గంటల తరబడి భరించాలి. ప్రయాణాల్లో ఎక్కువ భాగం అలాంటి దారుల్లోనే సాగేవారికి ఇవే టైర్లతో 4.56 మేలు.