దేవరకొండ వైపు టెక్నో రాత్రి: పోయిన 7,498 రూపాయలు, దొరికిన చేపల వేపుడు

"ఈ ప్రోగ్రాంలో పెట్టుబడి ఎవరిది?" అని మా తమ్ముడు నిర్వాహకుల్ని ఫోన్లో రెండుసార్లు అడిగాడు. "మాదే అన్నా, నలుగురం ఫ్రెండ్స్‌మి కలిసి వేసుకున్నాం" అని రెండుసార్లూ చెప్పారు. ఆ అబద్ధం వల్లే మా ట్రిప్ అంతా తలకిందులైంది.

తమ్ముడు ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాల్లో హైదరాబాద్‌లో డీజేగా టెక్నో అనే ఎలక్ట్రానిక్ డ్యాన్స్ మ్యూజిక్ ప్లే చేస్తాడు. దేవరకొండ దాటాక కృష్ణ బ్యాక్‌వాటర్ పక్కన ఒక రిసార్ట్‌లో రాత్రంతా ప్రోగ్రాం ఉందని పిలిచారు. వాడికి 8,000 ఇస్తామని 3,000 అడ్వాన్స్ పంపారు. వాడు ప్లే చేయడం చూద్దామని నేనూ మా ఆయనా బయల్దేరాం. మా ఇద్దరి టికెట్లు 1,999 చొప్పున, టెంట్ 3,500. ఎర్టిగాకి రెండు రోజులకు డీజిల్‌తో కలిపి 7,000. దేవరకొండ దాకా రోడ్డు బాగుంది.

గేట్ దగ్గర చేతికి కాగితం బ్యాండ్ చుట్టారు. దాని మీద ఫ్రెండ్స్ పేరేమీ లేదు, ఒక పెద్ద కంపెనీ లోగో ఉంది. తమ్ముడు మణికట్టు తిప్పి తిప్పి దాన్నే చూశాడు. తర్వాత ఒక అబ్బాయి సంతకం పెట్టమని నాలుగు పేజీల కాగితం తెచ్చాడు. ఈ రాత్రి రికార్డింగ్ మీద సర్వ హక్కులూ ఆ కంపెనీవేనట. సగానికి పైగా వాటా అమ్మేసి రెండు నెలలైందని అప్పుడు ఒప్పుకున్నారు. "ఎవరిదైతే ఏంటన్నా, సౌండ్ అదే కదా" అన్నాడు మేనేజర్. తమ్ముడు ఏమీ అనలేదు. హెడ్‌ఫోన్స్ మెడలోంచి తీసి బ్యాగ్‌లో పెట్టుకుని, అక్కడే నిలబడి అడ్వాన్స్ 3,000 వెనక్కి ఫోన్‌పే చేశాడు.

వాడికి ఈ పట్టింపు ఎందుకో దారి పొడుగునా చెబుతూనే వచ్చాడు. డీజేలు ప్లే చేసేది ఇంటర్నెట్‌లో లైవ్‌గా చూపించే బాయిలర్ రూమ్ 2010లో లండన్‌లో ఒక గదిలో, గోడకు టేపుతో అంటించిన వెబ్‌క్యామ్‌తో మొదలైంది. వీడు చదువుకునే రోజుల్లో రాత్రిళ్లు చూసి నేర్చుకున్నది దానిలోనే. 2025 జనవరిలో దాన్ని సూపర్‌స్ట్రక్ట్ అనే ఫెస్టివల్ కంపెనీ కొనేసింది. ఆ సూపర్‌స్ట్రక్ట్‌ను అంతకు ముందు ఏడాదే అమెరికా పెట్టుబడి సంస్థ కేకేఆర్ కొన్నది. కేకేఆర్‌కు ఇజ్రాయెల్‌తో ముడిపడిన పెట్టుబడులు ఉన్నాయని పాలస్తీనా మద్దతుదారులు బాయ్‌కాట్‌కు పిలుపిచ్చారు. ఆ ఏడాది సూపర్‌స్ట్రక్ట్ చేతిలోనే ఉన్న లండన్ ఫీల్డ్ డే, బార్సిలోనా సోనార్ ఫెస్టివల్స్ నుంచి చాలామంది ఆర్టిస్టులు తప్పుకున్నారు. తమను ఎవరు కొనాలో తేల్చే అధికారం తమకు లేదని బాయిలర్ రూమ్ వాళ్లే చెప్పుకున్నారు. అమెరికాలోని డెట్రాయిట్‌లో నల్లజాతి కుర్రాళ్లు సొంతంగా పుట్టించిన ఈ టెక్నో సంగీతం చివరికి ఎవరి ఖాతాలో పడుతోందన్నదే వాడి బాధ. "నేను ప్లే చేయకపోతే వాళ్లకేం నష్టం లేదక్కా. కానీ నన్ను అడక్కుండా నా పేరు వాడుకోవద్దు" అన్నాడు.

నాకు వాడి మాట సబబే అనిపించింది. మా ఆయనకు మాత్రం బీపీ పెరిగింది. రీఫండ్ అడిగితే "పాలసీలో లేదు మేడం" అన్నారు. ప్రోగ్రాం జరుగుతోంది కాబట్టి టికెట్ డబ్బులు రావట, టెంట్ ఎవరూ వాడకపోయినా రావట. 20 రూపాయల వాటర్ బాటిల్ లోపల 80. చీకట్లో బయటికొచ్చాక ఆయన కారులో ఎవరితోనూ మాట్లాడలేదు.

మాట్లాడింది డ్రైవరన్న. అతనిది ఆ పక్క ఊరే. "తమ్మి మంచి పని జేసిండక్కా. మా నాయిన గూడ అంతే. పైసలియ్యకుంటె పెద్దిండ్ల సావులకు డప్పు కొట్టనన్నడు. ఊరంత ఒక్కటై మమ్ముల బంద్ వెట్టిన్రు. మూన్నెల్లు దుకాణంల ఉప్పు గూడ ఇయ్యలె." బహిష్కరణ అంటే ఊరు మనిషిని వెలివేయడమనే నాకు తెలుసు. ఇక్కడ ముందు కాదన్నది డప్పు కొట్టే మనిషి, శిక్ష వేసింది ఊరు. తమ్ముడు వెనక సీట్లోంచి ముందుకు వంగి, "మళ్లీ కొట్టారా అన్నా?" అని అడిగాడు. "కొట్టిండు. పైసలిచ్చినంక."

అతనే మమ్మల్ని వైజాగ్ కాలనీకి తీసుకెళ్లాడు. సాగర్ డ్యామ్ కట్టే రోజుల్లో విశాఖ వైపు నుంచి వచ్చి, చేపలు పడుతూ ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల వల్ల ఆ పేరు. టెంట్ 1,200. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, బాత్రూమ్ మాత్రం దూరం, టార్చ్ తప్పనిసరి. ఒకావిడ మా ముందే చేపను గాట్లు పెట్టి, ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి, పెనం మీద నిదానంగా వేయించింది. గాట్లలోకి కారం దిగి ముక్క అంచు కరకరలాడింది, లోపల మెత్తగా విడిపోయింది. కిలో చేప, వేయించినందుకూ కలిపి 450. అన్నం ప్లేటు 50. రెండో కిలో చెప్పింది మా ఆయనే.

పొద్దున్నే నీళ్ల మీద పొగమంచు, అవతల కొండలు. తిరుగు దారిలో నల్గొండ మీదుగా వచ్చి పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం చూశాం. గర్భగుడిలో పగలంతా కదలకుండా నిలిచే స్తంభం నీడ కోసమైనా వెళ్లండి, కనీసం ఒక గంట పెట్టుకోండి.

వైజాగ్ కాలనీకి వారం మధ్యలో వెళ్తే మంచిది, శని ఆదివారాల్లో రద్దీ. రాత్రి ప్రోగ్రాంలకు టికెట్ కొనేముందు నిర్వాహకులెవరో, రీఫండ్ ఉందో లేదో వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి. ఫోన్లో చెప్పిన మాటకు మా దగ్గర ఏ ఆధారమూ మిగల్లేదు.

పది రోజుల తర్వాత రిసార్ట్ నుంచి మా ఆయన ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: తర్వాతి ప్రోగ్రాంకి ఇద్దరికీ ఉచిత ప్రవేశం, కోడ్ ఆరు నెలలు పనిచేస్తుంది. నాకు చదివి వినిపించి, తమ్ముడికి చెప్పనైనా చెప్పకుండా ఆయనే డిలీట్ చేశాడు.