పూర్ణా మార్కెట్ దగ్గరి జీడిపప్పు దుకాణం: జాడీ మీది చీటీ

విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌కు కూతవేటు దూరంలో ఉన్న ఈ చిన్న జీడిపప్పు దుకాణంలో నేను మూడేళ్లుగా సరుకు కొంటున్నాను. అలమారలోని గాజు జాడీలన్నింటికీ చేతిరాత చీటీలు అంటించి ఉంటాయి. వాటి మీద రకం, ధరతో పాటు పిక్క (పెంకుతో ఉన్న జీడిగింజ) ఏ దేశానిదో, ఏ నెలలో కొట్టించి పప్పు తీశారో కూడా రాసి ఉంటుంది. పలాస పప్పు అంటూ అమ్మేవారికి ఊళ్లో కొదవ లేదు గానీ, పలాసలో కొట్టిన పప్పు వేరని, ఆ చుట్టుపక్కల ఉద్దానం తోటల్లో పండిన పప్పు వేరని కొనేవారికి విడమరిచి చెప్పే వ్యాపారిని నేను ఇక్కడే చూశాను.

పలాస, కాశీబుగ్గ కర్మాగారాలు ఏడాది పొడుగునా నడవాలంటే ఉద్దానం పంట ఒక్కటే సరిపోదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటలను కూల్చివేశాక ఆ కొరత మరింత పెరిగింది. అందుకే పశ్చిమ ఆఫ్రికా నుంచి, టాంజానియా నుంచి పిక్కలు తెప్పించుకుంటారు.

నేను కొనడం మొదలుపెట్టిన రోజుల్లో రెండో వరుసలోని జాడీ మీద ‘బెనిన్’ అని, ఆ పశ్చిమ ఆఫ్రికా దేశం పేరు ఉండేది. ఆ తర్వాత దాని మీదే ‘ఐవరీ కోస్ట్’ అన్న చీటీ వెలిసింది. కారణం అడిగితే, “బెనిన్ వాళ్లు పిక్కలు పంపడం మానేశారండీ, అక్కడే కొట్టుకుంటున్నారు” అని యజమాని చెప్పారు. మాట నిజమే. ఆ దేశం 2024 ఏప్రిల్ 1 నుంచి పచ్చి పిక్కల ఎగుమతిని నిషేధించింది. తన పెద్ద నగరం కోటోనూకు 45 కిలోమీటర్ల దూరంలో, గ్లో-జిగ్బే వద్ద 1,640 హెక్టార్లలో ఒక పారిశ్రామిక వాడను నెలకొల్పి, జీడిపప్పు, పత్తి శుద్ధి కర్మాగారాలను అక్కడికి రప్పించింది. ఆ వాడలో ప్రభుత్వానికి భాగస్వామి అయిన అరైజ్ ఐఐపీ అనే సంస్థను స్థాపించిన గగన్ గుప్తా మన దేశం వాడే కావడం నాకు ఆసక్తి కలిగించింది.

బెనిన్ లెక్క అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. 80 కిలోల బస్తా కొడితే దక్కే పప్పు ఇంచుమించు 20 నుంచి 22 కిలోలు. మిగిలినదంతా పెంకు, పొట్టు, తేమ. అంటే ఓడ కిరాయిలో చాలా భాగం పెంకుకే పోతుంది, పిక్క కొట్టి పొర తీసి ఏరే కూలి డబ్బేమో కాశీబుగ్గలోనో వియత్నాంలోనో మిగులుతుంది. ఐవరీ కోస్ట్ బెనిన్‌లా పూర్తి నిషేధం పెట్టకుండా, పచ్చి పిక్కల ఎగుమతి మీద పన్ను వేసి, శుద్ధి చేసేవారికి ప్రోత్సాహకాలు ఇస్తోంది. 10 లక్షల టన్నులు దాటిన ఆ దేశపు పంటలో ఎక్కువ భాగం ఇంకా పిక్కగానే బయటికి వెళుతోంది. గుండు (విరగని) పప్పు దిగుమతికి మన ప్రభుత్వం 2019లో కిలోకు 720 రూపాయల కనీస ధర పెట్టింది కనుక, అక్కడ కొట్టిన పప్పు చౌకగా ఇక్కడి జాడీలోకి దిగే దారి కూడా లేదు. కర్మాగారాలు పెట్టుకునే హక్కు బెనిన్‌కు లేదని ఎవరనగలరు గానీ, ఆ జాడీ పోయినందుకు నాకు మాత్రం కొంచెం బాధగానే ఉంది.

ఇక నాణ్యత. రకం అంకె పౌనుకు ఎన్ని గుళ్లు తూగుతాయో చెబుతుంది, అంకె పెరిగితే గుళ్లు చిన్నవి. మరో దుకాణంలో 240 రకమని చెప్పి 320 కలిపి అంటగట్టిన అనుభవం ఉంది కాబట్టి, ఇక్కడ కొన్న పావు కిలో 320 రకాన్ని ఇంటికి తెచ్చి పళ్లెంలో పోసి లెక్కపెట్టాను: 171 గుళ్లు వచ్చాయి. పౌనుకు (సుమారు 454 గ్రాములకు) 300 నుంచి 320 ఉండాలన్న కొలతకు అది సరిగ్గా సరిపోతుంది. బద్దలు మూడు, లోపొర వదలనివి రెండు. ఐవరీ కోస్ట్ పప్పు పాయసంలో వేయించి వేయడానికి బాగుంటుంది. ఊరికే నమలడానికైతే ఉద్దానం పప్పులోని తీపి దీనికి లేదు. కిలోకు 80 రూపాయలు ఎక్కువైనా నేను ఉద్దానం పప్పునే తీసుకుంటాను.

లోపాలూ లేకపోలేదు. కట్టి ఇచ్చే పలుచని సంచి మన సముద్రపు గాలికి వారం కూడా ఆగదు, పప్పు మెత్తబడుతుంది. ఇంటికి రాగానే డబ్బాలోకి మార్చుకోవలసిందే. పైగా జాడీ మీదున్న వివరాలేవీ ఆ సంచి మీద ఉండవు. మొన్న ఆ మాటే అంటే, యజమాని చెవి వెనుక పెట్టుకున్న పెన్ను తీసి నా సంచి మీద ‘ఉద్దానం, ఏప్రిల్’ అని రాసి ఇచ్చారు.