గిటార్ ట్యాబ్: వేలికి దారి చూపిస్తుంది, తాళం మనమే వేసుకోవాలి

కొన్నేళ్లుగా ట్యాబ్‌లు, అంటే ఏ తీగను ఎక్కడ నొక్కాలో అంకెలతో చూపే రాతలు, చూసే గిటార్ వాయిస్తున్నాను. ఐదు గీతల మీద గుర్తులతో స్వరాలు రాసే స్టాఫ్ నొటేషన్ జోలికి దాదాపు పోలేదు. కొత్తవాళ్లు ట్యాబ్‌తో మొదలుపెట్టవచ్చా అంటే, నిక్షేపంగా పెట్టవచ్చు. కాకపోతే పాట ముందే నోటికి వచ్చి ఉండాలి.

చదవడం కష్టమేమీ కాదు. ఆరు గీతలంటే ఆరు తీగలు, గీత మీది అంకె ఫ్రెట్ (గిటార్ మెడ మీద లోహపు పట్టీలు విడదీసే గడి) సంఖ్య, సున్నా ఉంటే ఎక్కడా నొక్కకుండా మీటడం. పై నుంచి కిందికి 3, 0, 0, 0, 2, 3 అని నిలువుగా పేర్చి ఉంటే అన్నీ కలిపి మీటాలి. అది జి కార్డ్ (ఒకేసారి పలికే స్వరాల గుంపు). తికమకంతా పై గీత దగ్గరే. అది సన్న తీగ, చేతిలోని గిటార్‌లో మాత్రం నేలవైపు ఉంటుంది. గిటార్‌ను ఒడిలో వెల్లకిలా పెట్టి పై నుంచి చూడండి, కాగితం మీది వరసే కనిపిస్తుంది.

ట్యాబ్ అసలు బలం వేరే ఉంది. ఒకటో తీగను నొక్కకుండా మీటినా, రెండో తీగను 5వ ఫ్రెట్‌లో నొక్కినా, మూడో తీగను 9వ ఫ్రెట్‌లో నొక్కినా పలికేది ఒకే స్వరం. నాదం మాత్రం మారుతుంది. స్టాఫ్ నొటేషన్ సాధారణంగా స్వరం చెప్పి ఊరుకుంటుంది. ట్యాబ్ చోటు కూడా తేల్చేస్తుంది. వేళ్ల పనీ అందులోనే ఉంటుంది: 5కీ 7కీ నడుమ హెచ్ అక్షరం ఉంటే 5 దగ్గర మీటి, మళ్లీ మీటకుండా ఇంకో వేలిని 7 మీద గట్టిగా దించాలి. 7కీ 5కీ నడుమ పి ఉంటే 7 దగ్గర మీటి, ఆ వేలిని లాగి వదిలి 5ను పలికించాలి.

ఇక లోటు. మన కర్ణాటక స్వరలిపిలో కామా ఒక మాత్ర, సెమికోలన్ రెండు మాత్రలు, దండాలు తాళం చెబుతాయి. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పవు. టైపు చేసిన ట్యాబ్ అచ్చంగా దీనికి తలకిందులు. ఏ అంకె మీద ఎంతసేపు ఆగాలో అందులో ఉండదు. నిజానికి ఇది ట్యాబ్‌కు పుట్టుకతో వచ్చిన లోపం కాదు. 1507లో వెనిస్‌లో పెట్రూచ్చి అనే ముద్రాపకుడు అచ్చువేసిన ల్యూట్ (గిటార్ లాంటి పాత తీగల వాద్యం) పుస్తకాల్లోనే అంకెల పైన లయ గుర్తులు ఉన్నాయి. కీబోర్డు మీద గీతలు, అంకెలు కొట్టే ఓపిక ఉన్నవాళ్లకు ఆ గుర్తులు పెట్టే ఓపిక లేకపోయింది, అంతే. ఉచితంగా దొరికే టక్స్‌గిటార్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఈ కొరత తీరుస్తుంది. లయ గుర్తులు చూపిస్తుంది, వేగం తగ్గించి వినిపిస్తుంది కూడా.

సినిమా పాటల ట్యాబ్‌లు తీసుకునేటప్పుడు ముందు పై వరసలో ట్యూనింగ్ (తీగల శ్రుతి), కాపో (ఒక ఫ్రెట్ దగ్గర తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) చూడండి. కాపో ఉంటే అంకెలు మామూలుగా అక్కడి నుంచే లెక్క. పల్లవి మొత్తాన్ని ఒకే తీగ మీద 0 నుంచి 12 దాకా పరుగెత్తించే ట్యాబ్ కనిపిస్తే వదిలేసి ఇంకొకటి వెతుక్కోండి.