ఎరేజరా, లేయర్ మాస్కా: కటింగ్‌కు ఏది మేలు?

హన్మకొండలో మా డిజైనింగ్ షాపుకు పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు ఫోటోషాప్‌లో కటింగ్ (ఫోటోలోని మనిషిని వెనుకభాగం నుంచి వేరుచేయడం) మొదలుపెట్టిన రెండో రోజో మూడో రోజో ఇదే అడుగుతారు: "అన్నా, ఎరేజర్‌తోటి తుడిస్తే రెండు నిమిషాల్ల అయిపోతది. ఈ మాస్క్ పెట్టుడు ఎందుకు?" ఎరేజర్ ఫోటోలో అక్కర్లేని భాగాన్ని తుడిచేస్తుంది, లేయర్ మాస్క్ దాన్ని తుడవకుండా దాచే తెరలాంటిది. అడగడంలో తప్పేం లేదు. ఏది వాడినా వెనుక ఖాళీకి గుర్తుగా గళ్ళే కనిపిస్తాయి, ప్రింట్‌లో తేడా తెలియదు. నేనూ చాలా ఏళ్ళు ఎరేజర్‌తోనే నెట్టుకొచ్చాను.

ఎరేజర్ గురించి మంచి మాట ముందే చెప్తాను. సాయంత్రం ఆరింటికి పుట్టినరోజు ఫ్లెక్స్ కావాలని నాలుగింటికి ఫోటో పంపేవాళ్ళు ఉంటారు. ఆ ఫ్లెక్స్ మర్నాడు ఉండదు, ఆ ఫైల్ మళ్ళీ ఎవరూ తెరవరు. అలాంటి పనికి కంట్రోల్ జె కొట్టి లేయర్‌ను (ఫోటో ఉన్న పొరను) కాపీ చేసుకుని, కిందిదాని కన్ను గుర్తు ఆపేసి దాన్ని కనబడకుండా చేసి, పైదాన్ని తుడిచేస్తే చాలు. ర్యామ్ తక్కువున్న పాత సిస్టమ్ మీద పెద్ద ఫ్లెక్స్ చేస్తుంటే, మాస్కులు పెరిగేకొద్దీ ఫైల్ కొంత బరువెక్కడం కూడా నిజమే.

కానీ మన పనుల్లో ఎన్ని అలా ఒక్క పూటలో ముగుస్తాయి? నా అనుభవంలో ఈ రెండింటికీ తేడా తేలేది కటింగ్ చేసిన రోజు కాదు, అదే ఫైల్‌ను రెండోసారి తెరిచిన రోజు.

కొన్నేళ్ళ కింద ఒక కుటుంబం తమ నాయనమ్మ దశదిన కర్మ ఫ్లెక్స్ కోసం వచ్చింది. ఉన్నది ఒక్కటే ఫోటో, ఎవరిదో పెళ్ళిలో గుంపుగా దిగింది. పక్కనున్నవాళ్ళను తీసేసే తొందరలో ఎరేజర్ ఆమె ఎడమ చెవి మీదుగా పోయింది. చెవికున్న గెంటీలు సగం పోయాయి. ఫ్లెక్స్‌లో అంచు మీద పూలదండ వేశాను కాబట్టి ఎవరికీ కనబడలేదు. ఏడాది తిరిగాక సంవత్సరీకానికి అదే ఫోటోను పెద్ద ఫ్రేమ్ కట్టించాలని మనవడు వచ్చాడు. "గెంటీలు మంచిగ కనబడాలె అన్నా, నాయినమ్మ అవి ఎన్నడూ తీయలే" అన్నాడు. అసలు ఫోటో ఉన్న ఫోన్ అప్పటికే పాడైపోయింది. నా దగ్గర మిగిలింది తుడిచేసిన లేయర్ ఒక్కటే. ఫోటోషాప్‌లో హిస్టరీ (చేసిన పనుల వరస) ఫైల్ మూసేదాకే ఉంటుంది, తర్వాత వెనక్కి పోయే దారి లేదు. కుడి చెవిని కాపీ చేసి, తిప్పి అతికించి, ఆ సంగతి అతనికి చెప్పే ఇచ్చాను. అతను ఏమీ అనలేదు. కానీ అది ఆమె ఎడమ చెవి కాదు. ఆ రోజు నుంచి మనిషి ముఖం ఉన్న లేయర్ మీద ఎరేజర్ పెట్టడం మానేశాను.

మాస్క్ వేసి ఉంటే అదే తొందరలో అదే తప్పు జరిగేది. అయితే మాస్క్‌లో చెవి ఉన్నచోట దాచే నల్ల బ్రష్ పడేది, అంతే. ఏడాది తర్వాత తెల్ల బ్రష్‌తో రెండు గీతలు గీస్తే గెంటీలు తిరిగొచ్చేవి.

నలుపు దాస్తుంది, తెలుపు చూపిస్తుంది అన్నది అందరికీ తెలిసిందే. మాస్క్ బలమంతా ఆ రెంటి నడుమ ఉన్న బూడిద రంగులో ఉంది. 8 బిట్ ఫైల్‌లో నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లు. వాటి అవసరం బతుకమ్మ ఫోటో కట్ చేసేటప్పుడు తెలుస్తుంది. తంగేడు వరకు పని చకచకా సాగుతుంది, గునుగు దగ్గర చెయ్యి ఆగుతుంది. ఆ పువ్వు అంచున సన్నటి నూగు ఉంటుంది, అందులోంచి వెనకాల రంగు తొంగిచూస్తుంది. గట్టి అంచు ఎరేజర్ పెడితే కత్తెరతో కోసినట్టుంటుంది. మెత్తటిది పెడితే వెనుకున్న గడ్డి పచ్చదనం నూగులో మిగిలిపోతుంది. మాస్క్ వేసినా ఆ పచ్చదనం దానంతటదే పోదు. కానీ కొత్త బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టి చూసుకున్నాక మాస్క్ మీదే లెవెల్స్ (నలుపు తెలుపుల మోతాదు మార్చేది) తెరిచి బూడిద రంగును బిగించవచ్చు, ఫెదర్ (అంచు మెత్తదనం) ఒకటో రెండో పెంచవచ్చు. ఎర్ర బ్యాక్‌గ్రౌండ్‌కు సరిపోయిన అంచు పసుపు మీద తేలిపోతే మళ్ళీ మార్చుకోవచ్చు. ఎరేజర్‌తో అయితే మళ్ళీ మొదటినుంచి కట్ చేయాల్సిందే.

ఫోటోషాప్‌లాంటిదే అయిన జింప్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు, తమ ఎరేజర్ అంత చెడ్డది కాదంటారు. వాళ్ళ మాట నిజమే. అక్కడ ఆల్ఫా ఛానెల్ (పారదర్శకతను ఉంచుకునే భాగం) ఉన్న లేయర్ మీద తుడిస్తే రంగు అడుగున అలాగే ఉంటుంది, యాంటీ ఎరేజ్ పెట్టుకుని రుద్దితే తిరిగొస్తుంది. కానీ ఎక్కడెక్కడ తుడిచామో విడిగా కంటికి కనబడదు. లేయర్ల పట్టీలో కనిపించే మాస్క్ చిన్న బొమ్మ మీద ఆల్ట్ నొక్కి క్లిక్ చేస్తే, జింప్‌లోనైనా ఫోటోషాప్‌లోనైనా, చేసిన కటింగ్ మొత్తం నలుపు తెలుపుల్లో ముందుకొస్తుంది. వదిలేసిన మచ్చలు అక్కడే దొరుకుతాయి.

కొత్తవాళ్ళు మాస్క్‌తో చేసే పొరపాటు ఒకటుంది. మాస్క్ బొమ్మ మీద కాకుండా ఫోటో బొమ్మ మీద క్లిక్ చేసి, మనిషి మీద నిజంగానే నల్లరంగు పూసేస్తారు. బ్రష్ పట్టుకునే ముందు ఆ రెండు బొమ్మల్లో చుట్టూ గీత దేనికుందో చూసుకోండి. అలాగే ఫైల్ తగ్గించడానికి అప్లై మాస్క్ (మాస్క్‌ను ఫోటోలో కలిపేయడం) కొడితే అది ఎరేజర్‌తో తుడిచినట్టే.

మిగతా పద్ధతులకు అంత చర్చ అక్కర్లేదు. ఖిలా వరంగల్ కాకతీయ కళాతోరణంలాంటి రాతి అంచులకు పెన్ టూల్‌తో అంచు వెంబడి పాత్ (గీత) గీసి, దాన్నే హద్దుగా పెట్టి వెక్టర్ మాస్క్ చేయడమే శుభ్రం. ఒక్క నొక్కుతో బ్యాక్‌గ్రౌండ్ తీసేసే సైట్లు ఎక్కువగా పీఎన్‌జీ బొమ్మే ఇస్తాయి, అవి కోసేసిన జుట్టు ఆ ఫైల్‌లో ఉండదు. ఫోటోషాప్ లోపలి రిమూవ్ బ్యాక్‌గ్రౌండ్ మాస్క్‌గానే ఇస్తుంది కాబట్టి దాంతో మొదలుపెట్టి చేత్తో దిద్దుకోవచ్చు.

ప్రింటింగ్‌కు పంపే జేపీజీలో పారదర్శకత ఉండదు, మాస్క్ కూడా మిగలదు. అందుకే జేపీజీ పంపాక కూడా పీఎస్‌డీని (లేయర్లు, మాస్కులు ఉండే ఫోటోషాప్ ఫైల్‌ను) పని ఇచ్చినవాళ్ళ పేరుతో, ఏడాది వారీగా వేరే హార్డ్ డిస్క్‌లో దాస్తున్నాం. వాళ్ళు పంపిన అసలు ఫోటోను కూడా అదే ఫోల్డర్‌లో పెడుతున్నాం.